మూడు తాటిపత్రులూ ఒక ఫైరింజనూ

ఇప్పుడు తాటిపత్రి, అదే టార్పాలిన్, కావాలంటే పటాన్‌చెరు చౌరస్తాలో ఏ దుకాణం ముందు నిలబడినా సరిపోతుంది. నీలం రంగువి, పసుపు రంగువి చుట్టలు చుట్టలుగా నిలబెట్టి ఉంటాయి. వేలు చూపిస్తే కత్తిరించి ఇస్తారు. చిరిగితే పారేసి ఇంకొకటి తెచ్చుకుంటారు. అందుకే మొన్న ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడిగారు: "మేడమ్, తాటిపత్రిలో ఎంచుకోవడానికి ఏముంటది?" ఏముంటుందో చెబుదామని నోరు తెరిచానో లేదో నవ్వు ముంచుకొచ్చింది. ఇంత వయసులో అంత నవ్వు మంచిది కాదని మా డాక్టరు అంటాడు. నీళ్ళు తాగి, కాస్త తమాయించుకుని, చెప్పడం మొదలుపెట్టాను. సగంలో మళ్ళీ నవ్వు. చివరికి వాళ్ళే విసిగి, "రాసియ్యండి మేడమ్" అన్నారు. ఇదిగో, రాస్తున్నాను. కాగితం మీదయితే నవ్వు తగ్గేదాకా ఆగి రాసుకోవచ్చు.

డెబ్భైల తొలి సంవత్సరాలు. బొంబాయి రోడ్డు పక్కన మా కర్మాగారం అప్పటికింకా కర్మాగారం కాలేదు. జొన్న చేలను చదును చేసి మొరం పోసిన నేల, దాని మీద పైకప్పు లేని ఇనుప స్తంభాలు, ఒక మూల రేకుల కింద ఆఫీసు, దాని వెనక స్టోర్సు. మా నాన్న సంగారెడ్డిలో మిషన్ బడి పంతులు. నేను టైపు, షార్ట్‌హ్యాండు పాసై ఇంట్లో ఖాళీగా ఉంటే, చర్చిలో ఎవరో చెప్పగా దరఖాస్తు పెట్టాను. స్టోర్సు అసిస్టెంటుగా తీసుకున్నారు. కూలి పనివాళ్ళు కాక, ఆఫీసు ఉద్యోగుల్లో ఆడవాళ్ళం ఇద్దరమే. నేను, టెలిఫోన్ ఆపరేటరు. ఆమె గొంతు తేనె, నవ్వు ఉరుము.

మా స్టోర్సు ఆఫీసరు గారు గుడివాడ వైపు నుంచి వచ్చినవారు. కొత్త వస్తువంటే ఆయనకు ప్రాణం. కాలనీలో మొదటి ప్రెషర్ కుక్కర్ కూత వేసింది ఆయన ఇంట్లోనే. బజారులోకి కొత్తగా ఏది వచ్చినా ఆయన సంచిలో ఉండేది. దాన్ని ఎలా వాడాలో మాత్రం తర్వాత తెలుసుకునేవారు.

బరువులు దింపడం, ఎక్కించడం చేసే ఖలాసీలకు ఒక మేస్త్రీ ఉండేవాడు. లక్డారం మనిషి. ఆయన గొంతుకు టెలిఫోన్ అవసరం లేదు. యార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నేరుగా వెళ్ళేది. నేను ఆయన్ని అన్నా అని, ఆయన నన్ను చెల్లె అని పిలుచుకునేవాళ్ళం.

ఇక నాలుగో మనిషి ఫైరింజను హవల్దారు. పటాలం నుంచి రిటైరై వచ్చాడు. ఎర్రగా మెరిసే ఫైరింజనును రోజూ తుడిచి, ఇత్తడి గంటను నిమ్మకాయతో రుద్ది, దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. కట్టడం పూర్తికాని చోట నిప్పు ఎక్కడ పుడుతుంది? నిప్పు పుట్టనందుకు దేవుడికి దండం పెట్టాలో, దేవుడి మీద అలగాలో తెలియని మనిషి ఆయన.

ఎండలు మండుతున్న రోజుల్లో బొంబాయి నుంచి ఫోను వచ్చింది. మా కర్మాగారానికి ప్రాణం లాంటి పెద్ద యంత్రం ఓడ దిగింది. లోహాన్ని తొలిచే బోరింగ్ మిషన్. కొద్ది రోజుల్లో పెద్ద ట్రేలర్ లారీ మీద బయల్దేరుతుంది. వచ్చిన వార్త మంచిదే. దాన్ని పెట్టాల్సిన షెడ్డుకు కప్పు లేదు, అదే చిక్కు. కప్పు రేకులు ఎక్కడో రైల్లో ఇరుక్కున్నాయి. వానలు ముందే వస్తాయని అందరూ అంటున్నారు.

ప్రాజెక్టు మేనేజరు గారు మమ్మల్ని పిలిపించారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆ ఆవరణలో ఎవరూ లేరు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి చెప్పారు. "ఆ యంత్రం లోపల భాగాలు జారే ఉక్కు పట్టాల మీద చిన్న తుప్పు మరక పడినా నునుపు పోతుంది. మళ్ళీ సముద్రం దాటించి బాగు చేయించాలి. ఏడాది పోతుంది. కప్పు పడేవరకు దాన్ని బయటే కాపాడాలి. ఏం కప్పుతారో చెప్పండి."

ఏడాది అనగానే మేస్త్రీ ముఖం వాడింది. ఎందుకంటే ఆ మిషన్ తిరగడం మొదలైతేనే చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళను శిక్షణకు తీసుకుంటామని మేనేజరు గారు ఊరి పెద్దలకు మాట ఇచ్చి ఉన్నారు. మేస్త్రీ చేను కూడా ఆ మొరం కిందే ఉంది. ఆయన ఊళ్ళో ఇంటింటికీ ఒకడు మా గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తాటిపత్రి అంటే గోనెపట్టకు తారు వూసిందే సార్" అన్నాడు మేస్త్రీ. "మా తాత బండి మీద గదే, మా నాయిన బండి మీద గదే. కుండపోత వాన పడ్డా లోపట వడ్లు మెత్తబడలే."

"ఆ కంపు బరకం ఎవడిక్కావాలయ్యా!" అన్నారు మా ఆఫీసరు గారు. వాళ్ళ వైపు తాటిపత్రిని బరకం అంటారు. "ఇప్పుడు నల్ల ప్లాస్టిక్ వచ్చింది. నీళ్ళే కాదు, గాలి కూడా దూరదు. చుట్టేసి తాడేసి కట్టామంటే ఇక చూసుకోనక్కర్లేదు."

వాళ్ళిద్దరి మధ్య ఒక సేల్స్‌మన్ కూడా కూర్చుని ఉన్నాడు. సికింద్రాబాదు నుంచి కాన్వాసు నమూనా పట్టుకుని పొద్దున్నే దిగాడు. సన్నగా, నూనె రాసిన జుట్టుతో, మెడకు టైతో ఉన్నాడు. "అయ్యా, ఈ రెండూ కాదు. మైనం పట్టించిన నూలు కాన్వాసు. సైన్యం వాడేది ఇదే. దీని కింద కూర్చుని మీరు పేపరు చదువుకోవచ్చు. ఒక్క అక్షరం తడవదు" అన్నాడు.

ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. తర్వాత ముగ్గురూ ఒకేసారి అరిచారు. మేనేజరు గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"అయితే కూర్చోండి" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఎవరి గుడ్డ కింద వాళ్ళు కూర్చోండి. తలా ఒక పేపరు పట్టుకోండి. పైన నీళ్ళు కొట్టిద్దాం. ఎవరి పేపరు తడవకపోతే ఆ గుడ్డ కొందాం."

తలుపు బయట ఏదో పడిన చప్పుడైంది. హవల్దారు స్టూలు. ఆయన తలుపులో అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. మీసాలు వణుకుతున్నాయి. "హుకుమ్ సాబ్! పానీ నేను కొడత సాబ్!" అన్నాడు. ఆ గొంతులో ఎన్ని నెలల ఆకలి ఉందో నాకు ఇప్పటికీ వినబడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పరీక్ష. యార్డులో వెదురు బొంగులతో మూడు చిన్న గుడారాలు వేశారు. ఎండ నెత్తిని పగలగొడుతోంది. అయినా క్యాంటీను ఖాళీ, ఆఫీసు ఖాళీ. ఇటుకలు మోసేవాళ్ళు, వెల్డింగు వాళ్ళు, పాలమూరు నుంచి వచ్చిన మట్టి పనివాళ్ళు అందరూ చుట్టూ చేరారు. టెలిఫోన్ ఆపరేటరు తన బోర్డు వదిలి వచ్చి నా భుజం పట్టుకుని నిలబడింది. మేస్త్రీ ఆ రోజు తెల్లటి కొత్త చొక్కా, తెల్లటి ధోవతి కట్టుకుని వచ్చాడు. గెలిచాక ఫొటో తీస్తారని ఎవరో ఆయనకు చెప్పారట. గుడారంలోకి దూరేముందు అందరికీ చెయ్యి ఊపాడు. చప్పట్లు.

హవల్దారు ఇంజను స్టార్టు చేశాడు. గంట మోగించాడు. గంట అవసరం లేదు కానీ మోగించాడు. గొట్టం బిగించి, కాళ్ళు దూరంగా వేసి, "తయ్యార్?" అని అరిచాడు.

మొదటి ధార మూడు గుడారాల్లో దేని మీదా పడలేదు. గొట్టం ఆయన చేతుల్లో పాములా మెలికలు తిరిగి జనం వైపు లేచింది. ముందు వరుస మొత్తం తడిసిపోయింది. ఆ ఎండలో చల్లటి నీళ్ళు పడేసరికి వాళ్ళు పారిపోకుండా ఇంకా ముందుకొచ్చారు. "మాకు గూడ కొట్టు సాబ్, జెర ఇటు దిక్కు!" అని వెనక వరుస కేకలు. మేనేజరు గారు తడిసిన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడు ఆయన పెదవి ఒక మూల కొంచెం కదిలింది. నేను చూశాను. ఆపరేటరు కూడా చూసింది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు గిల్లుకున్నాం.

తర్వాత హవల్దారుకు చెయ్యి కుదిరింది. మూడు గుడారాల మీద వాన, నిజమైన వానే. తారు గోనె కింద నుంచి మేస్త్రీ గొంతు: "సుక్క లేదు! ఒక్క సుక్క లేదుల్లా!" కాన్వాసు కింద నుంచి సేల్స్‌మన్ పేపరు చదువుతున్నాడు, పైకి వినిపించేలా, వార్తల మీద వార్తలు. మా ఆఫీసరు గారి ప్లాస్టిక్ గుడారంలో నుంచి మాత్రం చప్పుడు లేదు.

చివరికి మేనేజరు గారు చెయ్యెత్తారు. నీళ్ళు ఆగాయి.

ముందు మేస్త్రీ బయటికొచ్చాడు. ఒక్క చుక్క పడలేదు, నిజమే. కానీ ఎండకు తారు కరిగింది. తెల్ల చొక్కా మీద, ధోవతి మీద, చెవి మీద, ముక్కు మీద నల్లటి పట్టీలు. పేపరు ఆయన వేళ్ళకు అతుక్కుపోయి ఊడటం లేదు. "తడవలే గదా!" అంటూ పేపరు ఊపాడు. పేపరు ఊగలేదు, చెయ్యే ఊగింది. జనం నేల మీద పడి నవ్వారు.

రెండో గుడారం నుంచి సేల్స్‌మన్ కాలర్ సర్దుకుంటూ తల బయటపెట్టాడు. పేపరు పొడి పొడిగా ఉంది. "చూశారా! గుడ్డ ఎంత బిగువో చూడండి" అని గర్వంగా వేలితో లోపలి నుంచి కాన్వాసును ఠంగుమని మీటాడు. మీటిన చోటు నుంచి నీటిబొట్టు కారింది. అది ఆపుదామని అరచెయ్యి ఆనించాడు. అరచెయ్యంత మేర కారడం మొదలైంది. కంగారులో తల ఆనించాడు. నూనె జుట్టు మీదుగా ధార టై లోకి దిగింది.

ఇక మా ఆఫీసరు గారు. ప్లాస్టిక్ తెర పైకెత్తగానే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి లేచింది. బయటి నీరు ఒక్క చుక్క లోపలికి రాలేదు. లోపలి తడి ఒక్క చుక్క బయటికి పోలేదు. ఆయన చొక్కా ఒంటికి అంటుకుంది. చేతిలో పేపరు ముద్దయింది. తెర లోపలి వైపంతా ముత్యాల్లా నీటి బొట్లు. ఆయన ఊపిరి పీల్చుకుని ఒక్క మాట అన్నారు: "ఏవండీ... కాస్త మజ్జిగ ఉంటే ఇప్పించండి."

ఆ రోజు ఆ యార్డులో నవ్వినంత నవ్వు ఇంకెప్పుడూ వినలేదు. మేనేజరు గారు వెనక్కి తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి.

మజ్జిగలు తాగాక తీర్పు కోసం కూర్చున్నాం. తీర్పు ఏముంది, ముగ్గురూ ఓడిపోయారు. యంత్రం మాత్రం దారిలో ఉంది. సామాను పరిశీలించడం నా పని కాబట్టి నేను మూడు గుడారాల్లోకీ దూరి, చేత్తో తడిమి చూసి వచ్చాను. కాన్వాసు మిగతా అంతా పొడిగానే ఉంది, వేలు తగిలిన చోట తప్ప. మేనేజరు గారు అందరి వైపూ చూస్తూ నా దగ్గర ఆగారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన ముందు నేను "ఎస్సార్" తప్ప ఇంకో మాట అనలేదు.

"సార్... ముట్టుకుంటెనే కారింది సార్. మిషన్ పెట్టెకు తగలకుండ పైన పందిరి లెక్క కడితే? పక్కలు తెరిచి ఉంటే ఉక్క గూడ పోతది" అన్నాను.

మేస్త్రీ తారు ముక్కు గోక్కుంటూ ముందుకు వంగాడు. "నడుమ దూలం ఎత్తు వెట్టి రెండు దిక్కుల వాలు ఇయ్యాలె. లేకుంటే నీళ్ళు నిలవడి సంచి లెక్క ఉబ్బుతది" అన్నాడు. వెంటనే మా ఆఫీసరు గారికి ప్రాణం లేచొచ్చింది. "నా ప్లాస్టిక్ నేల మీద పరుద్దాం! కింద నుంచి వచ్చే చెమ్మ ఆగుతుంది" అన్నారు. సేల్స్‌మన్ టై పిండుకుంటూ, తన నమూనా పలచనిదని, ఇంత పనికి రెట్టింపు మందం గుడ్డ కావాలని, అది తమ దగ్గర లేదని నిజం చెప్పేశాడు. ఆ నిజానికి ఆయనకు ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చాం.

కాన్వాసు కొనడానికి నన్ను, మేస్త్రీని బేగంబజారు పంపారు. పిల్లలూ, మీరు అడిగిన ఎంపిక ఇదే, ఇక్కడ జెర జాగ్రత్తగా చదవండి. దుకాణదారు ఎన్ని రకాలు పరిచాడో అన్నిటినీ నేను ఒక్కొక్కటిగా ఎండకు ఎదురుగా పట్టించాను. సూది మొనంత వెలుగు కనబడినా పక్కన పెట్టాను. మూల పట్టుకుని నలిపి చూశాను. మైనం పొట్టులా రాలితే అది పైపైన పూసింది, గుడ్డలోకి ఇంకలేదు. అంచు మడిచి లోపల తాడు పెట్టి కుట్టారా, ఉత్తగా మడిచారా చూశాను. తాడు కట్టే ఇత్తడి రింగులను మేస్త్రీ రెండు చేతులతో లాగాడు. మూడు దుకాణాల్లో రింగులు ఆయన చేతికే వచ్చేశాయి. మూడు దుకాణాల్లోనూ మమ్మల్ని తిట్టి పంపారు.

నాలుగో దుకాణంలో నీళ్ళు పోసి చూస్తామన్నాం. దుకాణదారు పెద్దమనిషి. తకియా దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "పొయ్యండి, పొయ్యండి. నా మాల్ మీద నాకు భరోసా ఉంది" అన్నాడు. నాలుగు మూలలు నలుగురు పట్టుకుంటే ఉయ్యాలలా వేలాడే గుడ్డలో నాలుగు బిందెలు పోశాం. ఒక్క బొట్టు దిగలేదు. పెద్దమనిషి మీసం దువ్వుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక మూల పట్టుకున్నవాడికి తుమ్ము వచ్చింది. బిందెల నీళ్ళన్నీ తకియా మీదికి దూకాయి. పెద్దమనిషి తడిసిన టోపీ తీసి పిండి, మా వైపు చూసి, "గుడ్డ అయితే పక్కా ఉంది కదా?" అన్నాడు. పక్కాగానే ఉంది. అదే కొన్నాం.

యంత్రం వచ్చిన రోజు లక్డారం నుంచి, పాశమైలారం నుంచి జనం రోడ్డు పొడుగునా నిలబడ్డారు. అంత పెద్ద లారీని ఎవరూ చూడలేదు. ఇల్లంత చెక్క పెట్టె. ఖలాసీలు గొలుసులు వేసి, దుంగలు దొర్లించి, మేస్త్రీ కేకకు ఒక్కో జానెడు జరిపి, సాయంత్రానికి యార్డులో దించారు. కొబ్బరికాయలు కొట్టారు. నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను. కింద ఆఫీసరు గారి ప్లాస్టిక్, దాని మీద దుంగలు, దుంగల మీద మేస్త్రీ తారు గోనె, దాని మీద పెట్టె. పైన రెండు వైపులా వాలుతో మా కాన్వాసు పందిరి. తాళ్ళను ఇనుప మేకులకు కట్టి మేకులు మొరంలోకి దిగ్గొట్టారు. చూడటానికి పెళ్ళి పందిరిలా ఉంది. ఆపరేటరు అటుగా వెళ్ళినప్పుడల్లా "పెళ్ళికొడుకు బాగున్నాడా?" అని అడిగేది.

నీళ్ళ గురించి అంతమందిమి అంతగా కొట్టుకున్నాం కదా, గాలి గురించి ఒక్కరికీ తట్టలేదు.

తొలకరి ఒక మధ్యాహ్నం వచ్చింది. పడమర నుంచి ఎర్రటి దుమ్ము గోడలా లేచి రావడం స్టోర్సు కిటికీలోంచి చూశాను. దుమ్ము వెనక నల్లటి మబ్బు. మరుక్షణం పందిరి కిందికి గాలి దూరింది. కాన్వాసు ఓడ తెరచాపలా ఉబ్బింది. పటపటమని మేకులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. మేస్త్రీ పరుగెత్తి ఒక తాడు పట్టుకున్నాడు. అంత మనిషి, పాదాలు నేల మీద నుంచి లేచాయి. గాల్లో వేలాడుతూనే అరిచాడు: "ఉర్కుండ్రి! జల్దీ ఉర్కుండ్రి! మిషన్ వోతది!"

నేను పరుగెత్తుతూ ఆపరేటరు గదిలోకి కేక వేశాను. ఆమె బోర్డు మీద ఉన్న ప్రతి తీగా గుచ్చి, ప్రతి గదికీ ఒకటే మాట చెప్పిందట: "అందరూ యార్డుకు! గుడ్డ ఎగిరిపోతోంది!" ఆ తర్వాత హెడ్‌ఫోన్ పారేసి తనూ వచ్చింది.

వాన కుండలతో కుమ్మరించినట్టు దిగింది. ఎవరు ఏ తాడు అందితే అది పట్టుకున్నాం. మా ఆఫీసరు గారు నడిమి గుంజను రెండు చేతులా వాటేసుకుని కళ్ళు మూసుకున్నారు. క్యాంటీను వంటవాళ్ళు గరిటెలతో సహా వచ్చారు. అకౌంట్స్ వాళ్ళు, డ్రాయింగు ఆఫీసు వాళ్ళు, పాలమూరు ఆడవాళ్ళు కొంగులు నడుముకు చుట్టుకుని గుడ్డ అంచుల మీద కూర్చున్నారు. బరువు చాలడం లేదు. గాలి ఒక్కసారి విసిరితే వరుస వరుసంతా లేచి మళ్ళీ కూలబడుతోంది. నేను లేచిపడ్డప్పుడు నా పక్కన ఎవరో దబ్బున పడ్డారు. చూస్తే మేనేజరు గారు. ఒక కాలికి బూటు లేదు. కళ్ళద్దాలు ఎక్కడున్నాయో తెలియదు.

"మీరు లోపలికి వెళ్ళండి సార్!" అన్నాను.

"నువ్వు కదలకు!" అని అరిచారు. "నువ్వు లేస్తే నేనూ లేస్తాను!"

అంతలో గణగణమని గంట. హవల్దారు ఫైరింజను వేసుకుని బురదలోంచి దూసుకొచ్చాడు. గాలి వచ్చే వైపు దాన్ని అడ్డంగా నిలిపాడు. "రస్సీ ఇయ్యండి! గాడీకి కట్టండి!" మేస్త్రీ, నలుగురు ఖలాసీలు అటువైపు తాళ్ళన్నీ లాగి ఇంజను బంపరుకు, చక్రాలకు చుట్టారు. "జోర్ లగాకే!" అని మేస్త్రీ ఎత్తుకున్నాడు. "హైసా!" అన్నాం అందరం. వంటవాళ్ళు అన్నారు, అకౌంట్స్ వాళ్ళు అన్నారు, ఆపరేటరు తన ఉరుము గొంతుతో అంది, మేనేజరు గారు అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా అన్నారు. ఒక్కో హైసాకు గుడ్డ ఒక్కో మూర కిందికి దిగింది. ఎర్ర ఇంజను ఒకవైపు, మా అందరి బరువు ఒకవైపు. ఇక గాలి ఎంత విసిరినా పందిరి ఊగిందే తప్ప లేవలేదు.

అప్పుడు మొదలైంది నవ్వు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ముఖాల మీద వాన చెంపదెబ్బల్లా కొడుతోంది, ఒళ్ళంతా బురద, ఒకరి ఒళ్ళో ఒకరం పడుతున్నాం, నవ్వు ఆగదు. భయం అంచు దాటి వచ్చే నవ్వు అది. ఆ ఆవరణలో మేనేజరు గారు నవ్వగా చూసినవాళ్ళు లేరని రాశాను కదా, ఆ రోజు అందరం చూశాం. చిన్నపిల్లాడిలా, కడుపు పట్టుకుని, ఒంటి బూటుతో నేలను తన్నుతూ నవ్వారు.

వాన ఎంత హడావిడిగా వచ్చిందో అంతే హడావిడిగా వెళ్ళిపోయింది. అంచుల మీద నుంచి లేచే ధైర్యం ఎవరికీ లేదు. నవ్వులన్నీ ఆగిపోయాయి. లోపల ఏమైందో తెలియాలి. మా ఆఫీసరు గారు గుంజను వదిలి, పెట్టెకు పక్కనున్న చెక్క ఒకటి మేకులు పీకి ఊడదీశారు. మేనేజరు గారు మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టారు. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. యంత్రానికి చుట్టిన గ్రీజు కాగితం చిన్న ముక్క చించి మేనేజరు గారు బయటికి తీశారు. కళ్ళద్దాలు లేవు కనుక నాకు ఇచ్చారు.

వేళ్ళ మధ్య నలిపాను. గరగరమంది.

"పొడిగ ఉంది సార్" అన్నాను. వెనకవాళ్ళకు వినబడలేదు. మళ్ళీ అరిచాను. "పొడిగనే ఉంది!"

మేస్త్రీ మా ఆఫీసరు గారిని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. "దించవయ్యా, పడేస్తావ్!" అని ఆయన అరుస్తూనే నవ్వుతున్నారు.

తర్వాత కప్పు రేకులు వచ్చాయి. షెడ్డు నిలబడింది. యంత్రాన్ని బిగించి తిప్పిన రోజున పట్టాలు అద్దంలా మెరిశాయి. చలికాలం రాకముందే మొదటి జట్టు కుర్రాళ్ళు నీలం చొక్కాలు తొడుక్కుని శిక్షణలో చేరారు. అందులో లక్డారం వాళ్ళే ఎక్కువ. మేస్త్రీ రోజూ ఏదో వంకతో షెడ్డులోకి వెళ్ళి, వాళ్ళు పనిచేస్తుంటే చూసి వచ్చేవాడు. వాళ్ళలో కొందరు ఫోర్‌మన్లై రిటైరయ్యారు. ఇప్పుడు వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు నన్ను పిలుస్తున్నారు.

కానీ నా ఉద్యోగంలో నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునేది ఆ సాయంత్రాన్నే. వాన వెలిశాక మా కంపెనీ బస్సు గేటు దగ్గర బురదలో దిగబడిపోయింది. సంగారెడ్డి వాళ్ళం ఇళ్ళకు ఎలా వెళ్ళాలో తెలియక నిలబడ్డాం. మేనేజరు గారు ఫైరింజను చుట్టూ ఒకసారి తిరిగి, ముఖం మామూలుగా పెట్టి, "హవల్దార్, ఇంజను బాగా తడిసింది. చెడిపోయిందేమో, రోడ్డు మీద కొంచెం దూరం నడిపి చూడు" అన్నారు.

"ఎంత దూరం సాబ్?"

"సంగారెడ్డి దాకా."

మేమంతా ఒక్క అరుపు అరిచి ఎక్కేశాం. ఆపరేటరు నిచ్చెన మీద, నేను గంట పక్కన, లక్డారం దారి మలుపు దాకా మేస్త్రీ వెనక మెట్టు మీద. నన్ను ఇంటి దగ్గర దింపి వస్తానని మా ఆఫీసరు గారు ముందు సీట్లో కూర్చున్నారు. కడిగిన రోడ్డు మీద సాయంత్రపు ఎండ పడి రెండువైపులా చేలు మెరుస్తున్నాయి. ఎదురొచ్చిన ప్రతి బండికీ హవల్దారు గంట కొట్టాడు. బండి రానప్పుడు కూడా కొట్టాడు. సంగారెడ్డిలో మా వీధి మలుపు తిరిగేసరికి గంట కొట్టే పని నాకు ఇచ్చాడు. నేను రెండు చేతులతో కొట్టాను.

వీధి వీధంతా బయటికొచ్చింది. బిందెలతో, బకెట్లతో, చెంబులతో. అందరికంటే ముందు మా నాన్న నిండు బకెట్టు పట్టుకుని, పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ఏడ అంటుకున్నది బిడ్డా? ఏడ?"

"ఏడ అంటుకోలే నాయినా! తడవలే! మిషన్ తడవలే!"

నాన్నకు ఏమీ అర్థం కాలేదు. జుట్టు నుంచి పాదాల దాకా బురద నీళ్ళు కారుతూ ఎర్ర ఇంజను మీద నిలబడి నవ్వుతున్న కూతురిని చూశాడు. చేతిలో బకెట్టును చూశాడు. మెల్లగా దాన్ని కింద పెట్టి, గట్టు మీద కూర్చుని, ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు.